తిరిగొచ్చిన విమానాల ఊరు

ఆర్కే బీచ్ రోడ్డులో ఒక పక్క సబ్‌మెరైన్, ఎదురు పక్క విమానం. ఇసక వైపు ఐఎన్ఎస్ కుర్సురా, ఊరి వైపు టీయూ-142. వైజాగ్‌కి చుట్టాలొస్తే మనం ముందు తీసుకెళ్ళేది అక్కడికే. టికెట్ కొని, లోపల తిరిగి, బయటికొచ్చి రెక్క కింద ఫొటో దిగి, మురీ మిక్చర్ తిని ఇంటికొస్తాం. నేనూ చాలాసార్లు చేశాను. అందులో తప్పేం లేదు.

నా గొడవ ఆ విమానంతో కాదు, దాని గురించి మనం గొప్పగా చెప్పుకునే ఒక్క మాటతో: 29 ఏళ్ళ సర్వీసు, 30,000 గంటల ప్రయాణం, ఒక్క ప్రమాదం లేదు. మాట నిజమే. 1988లో సోవియట్ యూనియన్ నుంచి కొన్న ఎనిమిది విమానాల్లో ఇదొకటి. మొదట గోవాలో, 1992 నుంచి అరక్కోణం దగ్గర ఐఎన్ఎస్ రాజాలిలో ఉండి, హిందూ మహాసముద్రం మీద సబ్‌మెరైన్లని వెతుకుతూ తిరిగింది. 2017 మార్చి 29న రిటైరయింది. అదే ఏడాది డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి మ్యూజియంగా ప్రారంభించారు. దాన్ని నడిపినవాళ్ళకి, నట్లు బిగించినవాళ్ళకి ఆ రికార్డు గర్వకారణమే. ఆ గర్వాన్ని నేను తగ్గించబోవడం లేదు.

కానీ కుర్సురా కూడా క్షేమంగా తిరిగొచ్చిందే. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 2001లో రిటైరై, మరుసటి ఏడాది ఒడ్డెక్కింది. అంటే ఈ ఊళ్ళో యుద్ధం గురించి పిల్లలకి చూపించే రెండు పెద్ద వస్తువులూ తిరిగొచ్చినవే. తిరిగి రానివాటికి టికెట్టు లేదు, గైడు లేడు, రెక్క కింద ఫొటో లేదు. నేననేది ఇదే: తిరిగొచ్చిన యంత్రాలతో మాత్రమే యుద్ధాన్ని చెప్పే ఊరు యుద్ధం గురించి అబద్ధం చెబుతున్నట్టే. ఆ అబద్ధంలో టూరిజం వాళ్ళకి ఎంత వాటా ఉందో, చదివే రాసే మనకీ అంతే ఉంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన తర్కం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో భారీ బాంబర్ల గురించి అబ్రహాం వాల్డ్ అనే లెక్కల మనిషి చెప్పిందే. నాజీల నుంచి తప్పించుకుని 1938లో అమెరికా చేరిన యూదుడాయన. కుటుంబంలో చాలామంది ఆ మారణహోమంలోనే పోయారు. కొలంబియా యూనివర్సిటీలో యుద్ధం కోసం లెక్కలు వేసే బృందంలో పనిచేశాడు. దాడికి వెళ్ళి తిరిగొచ్చిన బాంబర్లకి ఎక్కడెక్కడ తూటా దెబ్బలున్నాయో సైన్యం దగ్గర లెక్కలుండేవి. రెక్కల మీద, ఒంటి మీద బోలెడు చిల్లులు, ఇంజన్ల దగ్గర తక్కువ. ఎవరైనా ఏమంటారు? చిల్లులున్న చోటే ఇనప రేకు దిట్టంగా వెయ్యాలంటారు. కాదు, చిల్లులు లేనిచోట వెయ్యాలి అన్నది వాల్డ్ లెక్క. ఎందుకంటే ఇంజన్ దగ్గర దెబ్బ తిన్నవి తిరిగి రాలేదు కాబట్టి అవి మీ లెక్కలోకే రాలేదు. ఈ కథ నోళ్ళలో నాని కొంత మసాలా కలుపుకుంది గానీ, అసలు లెక్క మాత్రం నిజం. 1943లో ఆయన రాసిన పత్రాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఈ కథ అరిగిపోయిన రికార్డు. స్టార్టప్‌ల గురించి, షేర్ల గురించి చెప్పడానికి వాడుతుంటారు. ఆ లెక్క వెనక ఉన్న మనుషుల్ని మాత్రం ఎవరూ తలవరు. ఒక్కో బాంబర్‌లో ఏడుగురో, పదిమందో ఉండేవాళ్ళు. ఒక్క బ్రిటన్ బాంబర్ కమాండ్‌లోనే సుమారు 1,25,000 మంది విమాన సిబ్బంది పనిచేస్తే 55,573 మంది చనిపోయారు. నూటికి 44 మంది. వాళ్ళు వేసిన బాంబుల కింద నగరాలకి నగరాలే కాలిపోయాయి. ఆ లెక్క వేరే, అది ఇంకా పెద్దది.

వాల్డ్ పోయింది కూడా విమాన ప్రమాదంలోనే, అదీ మన దేశంలో. భారత ప్రభుత్వం పిలిస్తే ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, 1950 డిసెంబర్‌లో ఎయిర్ ఇండియా విమానం నీలగిరి కొండల్లో కూలి, భార్యతో సహా చనిపోయాడు. తిరిగి రాని విమానాల్ని కూడా లెక్కలో వెయ్యండని చెప్పిన మనిషి, తిరిగి రాని విమానంలోనే పోయాడు.

ఇప్పుడు ఆయన పద్ధతిలో మన ఊరి లెక్క చూద్దాం. బీచ్ రోడ్డు మీద లేనివి ఏవి?

మొదటిది అందరికీ తెలిసిన పేరుతోనే మొదలవుతుంది. ఎన్‌ఏడీ. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, ఎన్‌ఏడీ జంక్షన్, ఎన్‌ఏడీ ఫ్లైఓవర్. రోజుకి వేలమంది ఆటోవాళ్ళతో, కండక్టర్లతో ఆ మూడక్షరాలూ అంటారు. నేవల్ ఆర్మమెంట్ డిపో అని విడమరిచి చెప్పమంటే సగం మంది ఆలోచిస్తారు. 2016 జులై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వాళ్ళలో ఎనిమిది మంది ఈ విశాఖ ఎన్‌ఏడీ ఉద్యోగులు. యూనిఫాం లేని సివిలియన్లు. డ్యూటీ మీద వెళ్ళారు. ఓడలతో, విమానాలతో వారాల తరబడి వెతికారు. దొరకలేదు. చివరికి అందరూ చనిపోయినట్టే భావించమన్నారు. ఏడున్నరేళ్ళ తర్వాత, 2024 జనవరిలో రక్షణ శాఖ ఒక ప్రకటన చేసింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళ మానవరహిత యంత్రం 3,400 మీటర్ల లోతున తీసిన ఫొటోల్లో విమాన శకలాలు కనబడ్డాయి, అవి ఏఎన్-32కి సరిపోతున్నాయి అని.

ఆ రోజు మన ఫోన్లలో అదొక వార్త. సాయంత్రానికి సంక్రాంతి కబుర్లు, కొత్త సినిమాల టికెట్లు. నేనూ ఆ వార్త చదివి పక్కకి జరిపినవాడినే. ఆ ఎనిమిదిమందిలో ఒక్క పేరు కూడా నాకు గుర్తులేదని మర్నాడు ఎన్‌ఏడీ జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తెలిసింది. టీయూ-142 పొడవు, రెక్కల వెడల్పు, ఇంజన్ల సంఖ్య మాత్రం నోటికొచ్చు. ఈ వ్యాసం అక్కడ పుట్టింది.

రెండోది ఇంకా పాతది. 1942 ఏప్రిల్ 6. అంతకు ముందు రోజు ఈస్టర్ ఆదివారం జపాన్ నౌకాదళం కొలంబో మీద బాంబులేసింది. మర్నాడు ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద పడ్డాయి. ఊరు ఖాళీ అయింది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి నడిచారు. మా మామ్మ వయసు అడిగితే "బాంబులు పడ్డ ఏడు నాకు ఆరేళ్ళురా" అనేది. ఆవిడకి అదే కేలండరు. మన చరిత్ర పుస్తకాల్లో ఆ రోజుకి ఒక వాక్యం, మహా అయితే రెండు. నష్టం స్వల్పం, మృతులు కొద్దిమంది. కొద్దిమంది అంటే ఎవరు? రేవులో కూలీలా, కళాసీలా? ఒక్కడు పోయినా ఆ ఇంటికి అది స్వల్పం కాదు కదా. బాంబులు వేసిన ఆ ర్యూజో కూడా ఎక్కువ కాలం బతకలేదు. అదే ఏడాది ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికన్ విమానాల దెబ్బకి మునిగిపోయింది.

మూడోది, నాలుగోది నీళ్ళ కిందున్నాయి. 1944 ఫిబ్రవరి 11న ఈ తీరానికి ఎదురుగా జపాన్ సబ్‌మెరైన్ ఆర్ఓ-110 ఒక వ్యాపార నౌకని టార్పెడోతో కొట్టింది. వెంట ఉన్న మన రాయల్ ఇండియన్ నేవీ నౌక జమున, ఆస్ట్రేలియా నౌకలు లాంచెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి దాన్ని ముంచాయి. లోపలున్నవాళ్ళు ఒక్కరు కూడా బయటపడలేదు. ఇక 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పీఎన్ఎస్ ఘాజీ. అమెరికా నుంచి పాకిస్తాన్‌కి వచ్చిన సబ్‌మెరైన్. విక్రాంత్ కోసం వచ్చి, మన హార్బర్ గుమ్మంలోనే 93 మందితో మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జ్‌లకి మునిగిందని మనవాళ్ళు, లోపల జరిగిన పేలుడు వల్ల మునిగిందని వాళ్ళు. ఎలా మునిగిందన్న దాని మీద తగువు ఇంకా తెమల్లేదు. తేలిన శకలాల్ని, ఒక లైఫ్ జాకెట్‌ని తెచ్చి నేవీకి చూపించింది మాత్రం మన చేపలు పట్టేవాళ్ళే.

ఘాజీ పేరు మీ అందరికీ తెలుసు, ఎందుకంటే సినిమా ఉంది. 2017లో వచ్చింది, జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. బాగా తీసిన సినిమాయే, కాదనను. కానీ ఒకటి గమనించారా? సినిమాలో ఘాజీని ముంచేది ఎస్-21 అనే మన సబ్‌మెరైన్. మన నేవీ లెక్క ప్రకారం ముంచింది రాజ్‌పుత్. అప్పటికే ముసలిదైపోయిన యుద్ధనౌక, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. విక్రాంత్ అండమాన్ వైపు దాక్కుని ఉంటే, తనే విక్రాంత్‌నని రేడియోలో నటించి ఘాజీని ఇటు రప్పించిన ఓడ. అంటే శత్రువు వైపు చనిపోయినవాళ్ళని విలన్లు చేసుకుంటే చేసుకున్నాం, మన వైపు పనిచేసిన ముసలి ఓడని, దాని మీదున్న నావికుల్ని కూడా తప్పించేశాం. కథకి అందంగా లేరని! గెలుపు కథలకి శత్రువుల చావే కాదు, మనవాళ్ళ మామూలుతనం కూడా అడ్డమే.

"సైన్యం ఇవన్నీ చూసుకుంటుంది, విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది కదా, నేవీ డే నాడు పూలు పెడతారు కదా" అంటారు. నిజమే, 1996లో కట్టిన ఆ స్మారకం ఉంది. కానీ దాని పేరు చూడండి: సముద్రం మీద విజయం. ఆ పేరు కింద రేవు కూలీ ఎక్కడ ఇముడుతాడు? యుద్ధం లేని రోజున డ్యూటీ మీద పోయిన ఎన్‌ఏడీ మెకానిక్ ఎక్కడ ఇముడుతాడు? గెలుపు కాని చావుకి మన దగ్గర మాటే లేదు. "అమరుడు" అన్న ఒక్క మాట ఉంది, దాన్ని కూడా యూనిఫాం చూసి ఇస్తాం.

ఇంకొకరు అంటారు, "సముద్రమే సమాధి, కదపకూడదు" అని. ఒప్పుకుంటాను. 3,400 మీటర్ల లోతు నుంచి ఎముకలు తెమ్మని నేను అడగడం లేదు. కానీ కదపకపోవడం వేరు, తలవకపోవడం వేరు. శవం దొరకని చావు ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో జాలరిపేటని అడగండి. వేటకెళ్ళి రానివాడి కోసం ఎన్నాళ్ళు ఎదురు చూడాలి, దర్భలతో బొమ్మ చేసి కర్మ ఎప్పుడు చెయ్యాలి, ఆబ్దికం ఏ తిథిన పెట్టాలి. ఈ ప్రశ్నలు వాళ్ళకి కొత్త కాదు. చూడ్డానికి మనిషి లేనప్పుడు పేరైనా ఎక్కడో ఒకచోట చెక్కి ఉండాలి. చేత్తో తడుముకోవడానికి.

ఇదంతా జరిగే పనేనా అంటారేమో. రెండు ఉదాహరణలు చెబుతాను, రెండూ భారీ బాంబర్లవే.

1943 మార్చిలో బెర్లిన్ మీద దాడి చేసి తిరిగొస్తున్న బ్రిటిష్ స్టర్లింగ్ బాంబర్, నంబరు బీకే716, నెదర్లాండ్స్‌లో ఒక పెద్ద సరస్సులో కూలింది. ఏడుగురు సిబ్బంది. 77 ఏళ్ళ తర్వాత, 2020లో, డచ్ ప్రభుత్వం సొంత ఖర్చుతో దాన్ని వెలికితీసింది. చనిపోయినవాళ్ళు వాళ్ళ దేశస్తులు కాదు. అయినా కూలిపోయిన విమానాల్లో సిబ్బంది అవశేషాలు దొరికే వీలున్నవాటిని వెతికి తియ్యడానికి ఒక జాతీయ కార్యక్రమమే పెట్టుకున్నారు. మొదట ఆ విమానం వేరే నంబరుదని అనుకున్నారు, తర్వాత సరిదిద్దుకున్నారు. చూడండి, ఒక నంబరు సరిచెయ్యడం అంటే ఏడు కుటుంబాలకి జవాబు మార్చి చెప్పడం.

రెండోది మన దేశంలోనే. 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకి వస్తున్న అమెరికన్ బీ-24 బాంబర్, ముద్దుపేరు 'హాట్ యాజ్ హెల్', అరుణాచల్ కొండల్లో మాయమైంది. ఎనిమిది మంది. 2006లో ఒక అమెరికన్ వెతుక్కుంటూ వెళ్ళి దాని శకలాలు కనుక్కున్నాడు. తర్వాత వాళ్ళ ప్రభుత్వ బృందాలు వచ్చి మట్టి జల్లించాయి. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో సైనిక లాంఛనాలతో అవశేషాల్ని మనమే సాగనంపాం. ఆ ఎనిమిదిమందిలో ఒకరిని గుర్తుపట్టి, మరుసటి ఏడాది జార్జియా రాష్ట్రంలో సొంతూళ్ళో పాతిపెట్టారు. ఆ సాగనంపిన మూడు నెలలకే మన ఏఎన్-32 మాయమైంది. వాళ్ళ ఎనిమిది మందికి దక్కిన మర్యాద మన ఎనిమిది మందికి ఈ ఊళ్ళో ఎంత దక్కింది?

"శత్రువుల పేర్లు కూడా రాయమంటావా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, కొంచెం గట్టిగానే అడుగుతారు. అవును, రాయమంటాను. 1942లో సిడ్నీ హార్బర్ మీద దాడికి వచ్చి చనిపోయిన జపాన్ నావికులకి, యుద్ధం నడుస్తుండగానే, సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేసి, అస్థికలు జపాన్‌కి పంపించారు. అప్పుడూ అక్కడ జనం తిట్టారు. అయినా చేశారు. ఇంఫాల్ దగ్గర చనిపోయిన జపాన్ సైనికుల కోసం కట్టిన స్మారకం ఇప్పటికీ మన దేశంలోనే ఉంది, దానివల్ల మణిపూర్ దేశభక్తి తగ్గలేదు. ఘాజీలో ఉన్న 93 మందిలో వంటవాడు ఉంటాడు, కొత్తగా పెళ్ళయినవాడు ఉంటాడు. వాళ్ళు మనల్ని చంపడానికే వచ్చారు, ఆ మాట దాచక్కర్లేదు. పక్కనే రాయండి. పేరు రాస్తే క్షమించినట్టు కాదు, లెక్క సరిగ్గా రాసినట్టు.

చివరగా ఆ విమానం సంగతి. టీయూ-142 అనేది టీయూ-95 అనే భారీ బాంబర్‌ని సముద్రం కోసం మార్చిన రూపం. ఆ టీయూ-95 ఇంకా రిటైర్ కాలేదు. టీయూ-142 ఒళ్ళు ఆధారంగానే తయారైన టీయూ-95ఎంఎస్‌లు ఉక్రెయిన్ నగరాల మీద క్రూయిజ్ క్షిపణులు వదిలాయి. 2025 జూన్‌లో ఉక్రెయిన్ డ్రోన్లు రష్యా స్థావరాల్లోకి వెళ్ళి వాటిలో కొన్నింటిని తగలబెట్టాయి. మనం రెక్క కింద నిలబడి నవ్వుతూ ఫొటో దిగే విమానానికి తోబుట్టువు, ఎక్కడో ఒక అపార్ట్‌మెంట్ మీదికి క్షిపణి వదిలిన చరిత్ర ఉన్నది. మన విమానం ఆ పని చెయ్యలేదు. కానీ యంత్రం ఏ పని కోసం పుట్టిందో పిల్లలకి చెప్పకుండా, అదెంత పొడవో చెప్పి పంపిస్తే, అది మ్యూజియం కాదు, షోరూం.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. మ్యూజియం గోడ మీద ఒక పలక. ఈ తీరం నుంచి, ఈ ఊరి పని మీద, ఈ నీళ్ళలో తిరిగి రానివాళ్ళ పేర్లు, తేదీలు. 1942 ఏప్రిల్ 6న చనిపోయినవాళ్ళవి, పేరు తెలియకపోతే "రేవు కూలీ" అని రాసినా సరే. ఏఎన్-32లో వెళ్ళిన ఎనిమిదిమందివి, మిగతా 21 మందివి. ఆర్ఓ-110లో, ఘాజీలో ఉన్నవాళ్ళవి. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో.

ఇక మన సంగతి. యుద్ధం గురించి తెలుగులో మనం రాసేది చాలావరకు ఎక్కడో దూరంగా, గొప్పగా ఉంటుంది. హిరోషిమా మీద కవిత రాస్తాం, గాజా మీద రాస్తాం, రాయాలి కూడా. మన గుమ్మం ముందు జరిగింది మాత్రం నేవీకి, సినిమావాళ్ళకి వదిలేశాం. మీ ఇంట్లో తొంభై దాటిన ముసలివాళ్ళుంటే ఈ వారమే వెళ్ళి అడగండి, బాంబులు పడ్డ ఏడు ఎక్కడున్నారు, ఎవరెవరు పోయారు అని. మా మామ్మని నేను సరిగ్గా అడగలేదు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టినప్పుడల్లా ఫోన్ చూసుకుంటూ "ఊఁ" కొట్టాను. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.